ఆపడం తెలిసిన చెయ్యి

కలకడ చుట్టుపక్కల టమాటా వేసే ఇంట్లో పుట్టినవాళ్లకు స్లిట్టింగ్ మిషన్ కొత్త కావచ్చు గానీ, దానిలోంచి వచ్చిన సరుకు కొత్త కాదు. బెడ్లు తోలి, డ్రిప్ లైను పరిచి, దాని మీద మల్చింగ్ షీట్ లాగుతారు కదా, అది అలాంటి సరుకే. పైకి వెండి రంగు, కిందికి నలుపు. నాలుగడుగుల వెడల్పు, 400 మీటర్ల పొడవు, 25 నుంచి 30 మైక్రాన్ల మందం. రోలును కర్రకు గుచ్చి ఇద్దరు పట్టుకుని నడుస్తుంటే సాలు పొడవునా పరుచుకుంటూ పోతుంది. ఒక్కోసారి మధ్యలో మడత పడి ఉంటుంది. ఒక్కోసారి అంచు కొరికినట్టుండి, లాగీ లాగగానే అక్కణ్నుంచి చిరుగుతుంది. రైతు కంపెనీని తిట్టుకుని ముడేసుకుంటాడు. ఆ చిరుగు పుట్టింది మాత్రం ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో, ఏదో ఒక షిఫ్టులో. మిషన్ ఆపాల్సిన క్షణంలో ఎవరో ఆపకుండా వదిలేశారు.

ఈ అధ్యాయం ఆ మిషన్ దగ్గర నిలబడబోయేవాళ్ల కోసం. కలకడ, గుర్రంకొండ, కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పదో తరగతో ఇంటరో ఐటీఐయో ముగించి, సేద్యం ఒక్కదాని మీదే బతకలేమని లెక్క వేసుకున్న పిల్లల కోసం. ఆ లెక్క వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2023 జులై నెలాఖరులో మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమాటా కిలో 200 రూపాయల దాకా పలికింది. సెప్టెంబరుకల్లా కోత కూలి కూడా గిట్టని ధరకు పడిపోయింది. అందుకే ఇంట్లో ఒకరు మడి చూసుకుంటే ఇంకొకరు నెలజీతానికి పోవడం ఇక్కడ రివాజైంది. కుప్పం వాళ్లు పొద్దున్నే రైలెక్కి బంగారుపేట మీదుగా బెంగళూరు వైపు పోతారు. మదనపల్లె, పుంగనూరు వాళ్లకు కోలారు, మాలూరు, నరసాపుర, హోసూరు దారులున్నాయి. కలకడ, పీలేరు వాళ్లకు తిరుపతి, రేణిగుంట, ఇంకొంచెం పోతే తడ పక్కన శ్రీసిటీ.

ఊరివాడెవరో ఫోన్ చేసి "కంపెనీలో హెల్పర్ పని ఉంది, వస్తావా?" అంటే, ఏం పనో అడక్కుండానే చాలామంది సంచి సర్దుకుంటారు. అడగండి. ప్యాకింగా, లోడింగా, స్లిట్టింగా అని అడగండి. స్లిట్టింగ్ అన్నారంటే నేనైతే వెళ్లమనే చెబుతాను. చేతిపని, లెక్క, కంటిచూపు మూడూ కలిసే పని అది. మూడేళ్లు శ్రద్ధగా చేసినవాడికి ఇంకో ఊళ్లో, ఇంకో కంపెనీలో, ఇంకో సరుకు మీద కూడా అన్నం పెడుతుంది. కాకపోతే మొదటి రోజు నుంచే నేర్చుకోవలసింది ఒకటుంది. ఈ పనిలో గొప్పతనం మిషన్‌ను వేగంగా తోలడంలో లేదు. ఎప్పుడు ఆపాలో తెలియడంలో ఉంది. మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

మిషన్ ముందు నిలబడితే

పని చెప్పుకోవడానికి చిన్నదే. వెడల్పాటి పెద్ద రోలును, జంబో అంటారు, ఒక పక్క ఎక్కిస్తారు. అది విప్పుకుంటూ రోలర్ల మీదుగా వచ్చి, బ్లేడ్ల దగ్గర నిలువుగా చీలి, అవతలి పక్క కోర్లు అనే గొట్టాల మీద సన్నని రోళ్లుగా చుట్టుకుంటుంది. విప్పే చోటు అన్‌వైండ్, చుట్టే చోటు రివైండ్.

కోసే పద్ధతి సరుకును బట్టి మారుతుంది. చిప్స్ ప్యాకెట్ల ఫిల్మ్ లాంటి పలచటి ప్లాస్టిక్‌కు రేజర్ బ్లేడు సరిపోతుంది. కాగితానికి, ఫాయిల్‌కు, పొరలు అతికించిన లామినేట్‌కు కిందొకటి పైనొకటి గుండ్రటి కత్తులు పెట్టి కత్తెర పద్ధతిలో కోస్తారు. కొన్ని టేపులకు, నాన్‌వోవెన్ బట్టకు గట్టి రోలర్ మీద కత్తిని అదిమి నొక్కి తెంపుతారు. ఉక్కు కాయిల్ సంగతి వేరు. అక్కడ కత్తుల మధ్య ఖాళీని షిమ్ములు, స్పేసర్లు పెట్టి అమరుస్తారు. మామూలు మెత్తటి ఉక్కుకు ఆ ఖాళీ మందంలో పదో వంతుకు అటూఇటూ ఉంటుంది. మిల్లీమీటరు రేకుకు 0.1 మిల్లీమీటరు అన్నమాట. ఖాళీ ఎక్కువైనా, కత్తి మొద్దుబారినా అంచున బర్ లేస్తుంది. వేలు పెడితే కోసుకుపోయే ఆ సన్నటి ముల్లంచును గోరుతో కాదు, మైక్రోమీటరుతో చూడాలి.

బర్ అంటే ఏముందిలే అనుకోవద్దు. లిథియం బ్యాటరీల్లో వాడే ఎలక్ట్రోడ్ రేకును కూడా వెడల్పుగా పూత పూసి, తర్వాత స్లిట్టర్ మీదే సన్నగా కోస్తారు. ఆ అంచున మైక్రాన్లలో కొలిచేంత బర్ మిగిలినా అది మధ్యలోని పలచటి సెపరేటర్ పొరను గుచ్చుకుని, సెల్ లోపల షార్ట్ సర్క్యూట్ అయ్యే ప్రమాదం ఉంది. తిరుపతిలో 2022లో లిథియం అయాన్ సెల్ తయారీ ప్రయోగాత్మకంగా మొదలైంది. కరకంబాడిలో అమర రాజా బ్యాటరీలు దశాబ్దాలుగా తయారవుతున్నాయి. మన పక్కూరి పిల్లల చేతిలోకి రాబోయే పని ఎంత సున్నితమైందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

బిగువు

స్లిట్టింగ్‌లో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం కత్తి దగ్గర పుట్టవు, టెన్షన్ దగ్గర, అంటే ఫిల్మ్ బిగువు దగ్గర పుడతాయి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర మగ్గం చూసినవాళ్లకు ఈ మాట చప్పున అర్థమవుతుంది. పడుగు వదులైతే నేత పలచబడుతుంది, మరీ బిగిస్తే పోగు తెగుతుంది. నేతగాడు ఆ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో వేలితో తాకి చెప్పేస్తాడు. ఫిల్మ్‌కూ అదే న్యాయం. తేడా ఏమిటంటే ఇక్కడ అది నిమిషానికి 300 మీటర్ల వేగంతో పరిగెడుతుంటుంది, వేలు పెట్టే వీలు లేదు. అందుకని మిషన్ మీద బిగువును కొలిచే లోడ్‌సెల్ ఉంటుంది, దాన్ని సర్దే డాన్సర్ రోలర్ ఉంటుంది, అన్‌వైండ్ దగ్గర బ్రేకు ఉంటుంది. అవి చూపించే అంకెలను చదవాలి, అంకె కంటే ముందు రోలును చదవాలి.

రోలును చదవడమంటే ఏమిటో కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే హెల్పర్‌కూ ఆపరేటర్‌కూ తేడా పడేది ఇక్కడే. చుట్టుకున్న రోలు పక్క ముఖం చూడండి. గట్టిగా, నున్నగా ఉంటే సరే. లోపలి చుట్లు బయటికి పొడుచుకొచ్చి గరాటులా కనిపిస్తే దాన్ని టెలిస్కోపింగ్ అంటారు. లోపల వదులుగా చుట్టి, బయట బిగించి చుట్టినప్పుడు లోపలి చుట్లు ఆ ఒత్తిడికి జారిపోతాయి. పక్క ముఖం మీద నక్షత్రంలా గీతలు లేస్తే అదీ లోపలి చుట్లు నలిగిన గుర్తే. అందుకే రోలు సైజు పెరుగుతున్నకొద్దీ టెన్షన్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతారు. దీన్నే టేపర్ అంటారు. మొదట కాస్త బిగువుగా, చివర కాస్త వదులుగా. ఎంత తగ్గించాలన్నది సరుకును బట్టి ఉంటుంది. జారే ఫిల్మ్‌కు ఒకలా, గరుకు కాగితానికి ఒకలా. ఇది ఏ పుస్తకంలోనూ మీ మిషన్‌కు సరిపోయేలా రాసి ఉండదు. మీరే రాసుకోవాలి.

ఇంకొకటి. నాలుగు రోళ్లు ఒకే షాఫ్టు మీద చుట్టుకుంటున్నప్పుడు ఒకటి మాత్రం గట్టిగా, పక్కది మెత్తగా వస్తే మిషన్ మీద అనుమానపడేముందు జంబోను చూడండి. ఫిల్మ్ తయారైనప్పుడే ఒక పక్క అర మైక్రాన్ మందంగా వచ్చి ఉంటుంది. వేల చుట్లు పడేసరికి ఆ అర మైక్రాన్ కంటికి కనిపించేంత ఉబ్బు అవుతుంది. స్లిట్టర్ దగ్గర బయటపడింది కాబట్టి స్లిట్టర్ వాడి తప్పంటారు. ఆ మాట పడకూడదంటే, జంబో ఎక్కించేముందే దాన్ని చేత్తో తట్టి, గట్టిగా ఉన్నచోటూ మెత్తగా ఉన్నచోటూ గుర్తుపెట్టి, కార్డు మీద రాసి, ఇన్‌ఛార్జికి చూపించాలి. ముందు చెప్పినవాడిది సమాచారం అవుతుంది. అదే మాట తర్వాత చెబితే సాకు అనుకుంటారు.

చెయ్యి దూరే చోటు

నిమిషానికి 300 మీటర్లంటే సెకనుకు 5 మీటర్లు. రెప్పపాటును సెకనులో మూడో వంతు అనుకుంటే, ఆ రెప్ప వాలి లేచేలోపు మీటరున్నరకు పైనే ఫిల్మ్ రోలర్ల మధ్యకు పోయింది. ఫిల్మ్‌తోపాటు చెయ్యి ఉంటే చెయ్యీ పోతుంది. నా చెయ్యి చురుకు, లాక్కోగలను అనుకునేవాళ్లు ఈ లెక్కను ఒక్కసారి కాగితం మీద వేసుకోవాలని నా కోరిక.

ప్రమాదాలు కొత్తవాళ్లకే జరుగుతాయనుకుంటాం. పని బాగా అలవాటైనవాళ్లకూ జరుగుతాయి. రోలర్ మీద జిగురు మరక కనిపిస్తుంది, మిషన్ ఆపితే రెండు నిమిషాలు పోతాయి, గుడ్డ పెట్టి నడుస్తుండగానే తుడిచేద్దామనిపిస్తుంది. మడత పడిన ఫిల్మ్‌ను వేలితో సర్దేద్దామనిపిస్తుంది. ట్రిమ్, అంటే అంచున కోసి తీసేసే ముక్క, చుట్టుకుపోతే లాగేద్దామనిపిస్తుంది. రెండు రోలర్లు కలిసి లోపలికి తిరిగే చోటు మనిషిని హెచ్చరించదు. నడుస్తున్న యంత్రాల ప్రమాదకరమైన భాగాలకు కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఆ గార్డు తలుపు తెరిస్తే మిషన్ ఆగిపోయేలా స్విచ్చి పెడతారు. కొన్నిచోట్ల ఆ స్విచ్చికి టేపు చుట్టి, తలుపు తెరిచి ఉన్నా నడిచేలా చేస్తారు. "ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారు" అని ఎవరన్నా సరే, ఆ మిషన్ దగ్గర నిలబడనని మర్యాదగా, గట్టిగా చెప్పండి. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది.

ఒంటిమీది వస్తువుల గురించి ఇంట్లో అమ్మతో కూడా మాట్లాడుకోవాలి. గుడిలో కట్టిన చేతిదారం, ఉంగరం, మెడలో గొలుసు, వదులు చొక్కా, భుజం మీద తువ్వాలు, ఆడపిల్లలకైతే చున్నీ, విడిజడ, ఇవేవీ మిషన్ దగ్గరికి రాకూడదు. దారం తీస్తే దేవుడికి కోపం రాదు. చేతితొడుగుల విషయంలో చాలామంది తికమకపడతారు. బ్లేడు మార్చేటప్పుడు కోతకు తట్టుకునే గ్లవ్స్ తప్పనిసరి. తిరిగే రోలర్ దగ్గర అదే గ్లవ్ వేలిని లోపలికి లాక్కుపోతుంది. ఒకే వస్తువు ఒకచోట కాపాడుతుంది, ఇంకోచోట ప్రాణం మీదికి తెస్తుంది. ఎక్కడ ఏదో తేల్చుకున్నాకే చెయ్యి కదపండి.

బ్లేడ్లను లెక్కపెట్టండి. ఎన్ని తీశారో అన్నీ డబ్బాలో పడ్డాయా, ఒకదాని కొన విరిగి ఎక్కడైనా మిగిలిందా అని చూసుకోండి. మీరు కోస్తున్నది పాలప్యాకెట్ ఫిల్మో, పిల్లలు తినే బిస్కెట్ల కవరో అయితే, దొరకని ఆ కొన ఎక్కడికి చేరుతుందో ఆలోచించండి. ముక్క దొరకలేదంటే ఆ రోళ్లన్నీ పక్కన పెట్టించాల్సిందే, ఎన్ని వందల కిలోలైనా సరే. అలా ఆపినందుకు కేకలేసే సూపర్‌వైజర్ ఉండొచ్చు. ఆ కేకలు భరించడం కూడా ఈ పనిలో భాగమే.

ప్లాస్టిక్ ఫిల్మ్ దగ్గర స్టాటిక్ కరెంటు సంగతి మన పడమటి ఎండాకాలపు పొడిగాలి ఎరిగినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చురుక్కుమన్న షాక్‌కు మనిషి ఉలిక్కిపడి చెయ్యి విసురుతాడు, ఆ విసురు బ్లేడు వైపు పోతే అసలు గాయం అప్పుడవుతుంది. పక్కనే ప్రింటింగ్ సాల్వెంట్ ఉంటే నిప్పురవ్వ చాలు. ఆ కరెంటును పోగొట్టే స్టాటిక్ బార్ పనిచేస్తోందో లేదో షిఫ్టు మొదట్లోనే చూసుకోవడం నిమిషం పని.

లెక్క వచ్చినవాడిదే పైచెయ్యి

ఇంటర్లో లెక్కలంటే పారిపోయినవాళ్లు కూడా ఈ పనికి కావలసిన గణితం నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. నేర్చుకుంటే ప్లానింగ్ వాళ్లు మిమ్మల్ని పేరుపెట్టి పిలవడం మొదలుపెడతారు.

మొదటిది వెడల్పు లెక్క. 1,250 మిల్లీమీటర్ల ఉక్కు కాయిల్ వచ్చింది. 245 మిల్లీమీటర్ల పట్టీలు కావాలి. అయిదు పట్టీలకు 1,225 పోగా 25 మిగిలింది, రెండు పక్కలా పన్నెండున్నర చొప్పున ట్రిమ్. నూటికి 98 సరుకుగా పోయింది, 2 స్క్రాపు. బాగుంది. ఇప్పుడు కస్టమర్ 252 మిల్లీమీటర్లు అడిగాడనుకోండి. నాలుగే వస్తాయి, 1,008. మిగిలిన 242లో ట్రిమ్‌కు 10 తీసేసినా 232 మిల్లీమీటర్ల పట్టీ ఊరికే స్క్రాపులో పడుతుంది. ఆర్డర్ల పుస్తకంలో 230 మిల్లీమీటర్ల పట్టీ అడిగినవాడు ఎవరైనా ఉన్నాడా అని వెతికి, రెండు ఆర్డర్లను ఒకే సెటప్‌లో కలిపేవాడు కంపెనీకి ఆ రోజు మిగిల్చిన ఉక్కు కొన్ని వందల కిలోలు ఉండొచ్చు. ఈ కలపడం కంప్యూటర్ చేస్తుందని అంటారు, చేస్తుంది కూడా. కానీ కాయిల్ అంచున తుప్పు పట్టి ట్రిమ్ 20 తీయాల్సి వచ్చిందని కంప్యూటర్‌కు చెప్పాల్సింది మిషన్ ముందున్న మనిషే.

రెండోది పొడవు లెక్క. రోలు బయటి వ్యాసాన్ని దాంతోనే గుణించండి. కోర్ బయటి వ్యాసాన్నీ అలాగే గుణించి, మొదటిదాంట్లోంచి తీసేయండి. వచ్చినదాన్ని 0.785తో గుణించి, ఫిల్మ్ మందంతో భాగించండి. అన్నీ మిల్లీమీటర్లలో ఉండాలి. రోలు వ్యాసం 500, కోర్ 92, ఫిల్మ్ 20 మైక్రాన్లు, అంటే 0.02 మిల్లీమీటరు అయితే సుమారు 9,480 మీటర్లు వస్తుంది. నిమిషానికి 300 మీటర్ల చొప్పున అరగంటకు పైనే పడుతుంది. అదే ఫిల్మ్ ఒక్క మైక్రాన్ మందంగా, 21గా వచ్చిందనుకోండి, అదే సైజు రోలులో 9,030 మీటర్లే పడుతుంది. కంటికి రెండు రోళ్లూ ఒకటే. కస్టమర్ మిషన్ మీద మాత్రం 450 మీటర్ల ముందే అయిపోతుంది, ఫోన్ వస్తుంది. మీటర్ కౌంటర్ చూపించే అంకెను ఈ లెక్కతో ఒకసారి సరిపోల్చుకుంటే తేడా ముందే తెలుస్తుంది.

ఈ లెక్కను సెలవుకు ఇంటికొచ్చినప్పుడు వాడండి. 1.2 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవు, 25 మైక్రాన్ల మల్చింగ్ షీట్ రోలు, కోర్ బరువు కాకుండా 11 కిలోల చుట్టుపక్కల తూగాలి. తొమ్మిదే తూగిందంటే దాని మందం 20 మైక్రాన్ల దగ్గరే ఉంది, లేదా పొడవు తగ్గింది. అంగట్లో కొనేటప్పుడే నాయన పక్కన నిలబడి తూకం వేయించండి. పలచటి షీట్ ఎండకు ముందే పిగిలిపోయి, కలుపు లేచి, ముక్కలు మడిలోనే మిగిలిపోయి నేలను పాడుచేస్తాయి. ఫ్యాక్టరీలో నేర్చుకున్నది సేద్యానికి పనికొచ్చే చోటు ఇంత సూటిగా దొరకడం అరుదు.

జేబులో నోటుపుస్తకం

రెండు వందల పేజీల చిన్న పుస్తకం కొనుక్కోండి. ఏ సరుకు, ఎన్ని మైక్రాన్లు, ఎంత వెడల్పు, ఎంత టెన్షన్, ఎంత టేపర్, ఏ వేగం దగ్గర మడత మొదలైంది, బ్లేడు ఎన్ని మీటర్లకు మొద్దుబారింది అని మీ అక్షరాల్లో, తెలుగులోనే రాసుకోండి. మిషన్ తెర మీద ఇంగ్లిషు, పక్కవాడి నోట తమిళమో కన్నడమో హిందీయో ఉంటుంది. మన ప్రాంతం మూడు రాష్ట్రాల అంచున ఉండటం వల్ల ఆ మాటలు చెవికి కొంత అలవాటే, కుప్పం పిల్లలకైతే మరీను. మాట్లాడటం వస్తుంది. కానీ ఆలోచన ఏ భాషలో తేటగా సాగుతుందో ఆ భాషలో రాసుకుంటేనే ఆరు నెలల తర్వాత చదివితే అర్థమవుతుంది. కంపెనీ రహస్యాలు, కస్టమర్ల పేర్లు అందులోకి ఎక్కించొద్దు. మీ చేతికి సంబంధించినవి చాలు.

షిఫ్టు అప్పగించేటప్పుడు "అంతా బాగానే ఉంది" అన్న మాటను నోట్లోంచి తీసేయండి. మూడో బ్లేడు వైపు అంచు కొంచెం గరుకుగా వస్తోంది, రెండో జంబోలో 3,000 మీటర్ల దగ్గర ఒక జాయింటు ఉంది, జెండా పెట్టాను, ఇలా చెప్పండి. జాయింటుకు జెండా, అంటే అంచు బయటికి కనిపించే రంగుకాగితం, పెట్టకపోతే ఆ రోలు కస్టమర్ మిషన్‌లో ఫుల్ స్పీడులో తెగుతుంది. అక్కడ మన పిల్లవాడిలాంటి ఇంకో ఆపరేటరే ఉంటాడు.

రాత్రి షిఫ్టు గురించి రెండు మాటలు. తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్య ఒళ్లు మొద్దుబారుతుంది, అది సోమరితనం కాదు, శరీరం తీరు. సెటప్ మార్చడం, బ్లేడు మార్చడం లాంటివి వీలైతే ఆ గంటలకు ముందే ముగించుకోండి. గదిలో ఆరుగురు ఉంటున్నా సరే, పగటి నిద్రకు ఒక మూల, ఒక చీకటి తెర సంపాదించుకోండి. నిద్ర లేని మనిషికి ఆపాలన్న ఆలోచన ఆలస్యంగా వస్తుంది.

చేతికొచ్చే జీతం, చేతికి రాని హక్కు

కాంట్రాక్టరు ద్వారా చేరినా మీ పేరుతో కాగితం ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. ఓటీకి రెట్టింపు రేటు ఇవ్వాలన్నది పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమైతే ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతంలోంచి మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 15,000 జీతానికి మీకు తగ్గేది నెలకు 112 రూపాయల 50 పైసలు. ఆ కాస్త కట్టబట్టే, పనిలో గాయమై ఇంట్లో కూర్చోవాల్సి వస్తే సగటు రోజుకూలిలో 90 శాతం ఈఎస్ఐ ఇస్తుంది. చేరిన నెలలోనే ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ యూఏఎన్ నంబరు అడిగి తీసుకుని ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. చిన్న గాయమైనా రిజిస్టర్‌లో రాయించండి. "ఎందుకులే, మన సారే కదా, చూసుకుంటాడు" అని రాయించకుండా వదిలేస్తే, తర్వాత ఆ వేలు వంగకపోయినా రుజువు దొరకదు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఇలాంటి ప్లాంట్లలో మిమ్మల్ని తనిఖీ బల్ల దగ్గరో, ప్యాకింగ్ దగ్గరో నిలబెట్టడం ఎక్కువ. తప్పును ముందుగా పట్టుకునేది ఆ బల్ల దగ్గరున్న కళ్లే. అంత చూపు ఉన్నవాళ్లు మిషన్ నేర్చుకుంటే ఇంకా బాగా తోలతారు. ట్రైనింగ్ అడగండి, అడిగినట్టు కాగితం మీద పెట్టండి.

పైకి ఎదగడానికి దారులున్నాయి. ఐటీఐలో ఫిట్టరో ఎలక్ట్రీషియనో చేసినవాళ్లు 1961 అప్రెంటిస్ చట్టం కింద అప్రెంటిస్‌గా చేరితే, ప్రభుత్వ పథకంలో స్టైఫండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ప్లాస్టిక్ రంగంలోనే ఉండాలనుకుంటే పదో తరగతి తర్వాత విజయవాడ సీపెట్‌లో మూడేళ్ల డిప్లొమా ఉంది. డిప్లొమా లేకుండా షిఫ్ట్ ఇన్‌ఛార్జీలైన ఆపరేటర్లు కూడా ఉంటారు. వాళ్లను దగ్గర్నుంచి చూస్తే ఒకటి తెలుస్తుంది. మిషన్ చప్పుడు కాస్త మారితే చాలు, చేతిలో టీగ్లాసు ఉన్నా సరే, వాళ్ల చూపు ముందు రోలు మీదికి, తర్వాత బటన్ మీదికి పోతుంది.

ఇంటర్వ్యూకు పిలిస్తే జీతం మాట్లాడుకున్నాక "ఒక్కసారి మిషన్ చూడొచ్చా సార్?" అని అడగండి. చూపిస్తే నాలుగింటి మీద కన్నేయండి. గార్డు తలుపులు మూసి ఉన్నాయా, పాత బ్లేడ్ల డబ్బా ఉందా, నేల మీద ట్రిమ్ ముక్కలు కాలికి చుట్టుకునేలా పడి ఉన్నాయా, ఎర్ర ఎమర్జెన్సీ బటన్లు అన్‌వైండ్ వైపూ రివైండ్ వైపూ రెండు చోట్లా ఉన్నాయా. అక్కడున్న ఆపరేటర్‌ను "అన్నా, ఇది నొక్కితే ఎంతసేపట్లో ఆగుద్ది?" అని అడగండి. అతను వెంటనే జవాబు చెప్పాడంటే చేరండి, అతని షిఫ్టులోనే వేయమని అడగండి.